పెంకులో చిక్కుకున్న బాతుపిల్లకు ఎప్పుడు సాయం చేయాలి?

ఇంక్యుబేటర్‌లో పెట్టిన బాతు గుడ్డుకు మొదటి బీట పడిన తరువాత పిల్ల బయటికి రావడానికి ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు కూడా పడుతుంది. కోడిపిల్లలను చూసి అలవాటైనవారికి ఈ ఆలస్యం భరించరానిదిగా తోస్తుంది. లోపలినుంచి సన్నని కూత వినిపిస్తూ ఉంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కష్టమే. అయినా, తొందరపడి పెంకు వలిస్తే దక్కవలసిన పిల్ల కూడా రక్తం కారి చనిపోవచ్చు కనుక, ఆ గంటలలో లోపల జరుగుతున్న పని ఏమిటో ముందుగా తెలుసుకోవాలి.

సాధారణ బాతు గుడ్లు సుమారు 28 రోజులకు, మస్కవీ బాతు గుడ్లు సుమారు 35 రోజులకు పిల్లలవుతాయి. గడువు దగ్గరపడేసరికి పిల్ల తలను కుడి రెక్క కిందికి చేర్చి, ముక్కును గుడ్డు లావుపాటి చివరన ఉండే గాలి అర వైపు తిప్పుకుంటుంది. అంతవరకు దానికి ప్రాణవాయువును అందించేది పెంకు లోపలి వైపున పరుచుకున్న రక్తనాళాల పొర. పిల్ల లోపలి పొరను చీల్చి గాలి అరలోకి ముక్కు పెట్టినప్పుడే ఊపిరితిత్తులు పని మొదలుపెడతాయి. ఆ కొద్దిపాటి గాలిలో ఆక్సిజన్ తగ్గి కార్బన్ డయాక్సైడ్ పెరిగేకొద్దీ మెడ వెనక కండరం గట్టిగా అదురుతుంది. ఆ అదురుకు ముక్కు కొనమీది గట్టి బుడిపె పెంకును పగలగొడుతుంది.

దీని తరువాత పిల్ల కదలకుండా ఉండిపోయే సుదీర్ఘమైన విరామాన్నే చాలామంది ప్రమాదంగా పొరబడతారు. నిజానికి పొరలోని నాళాలు క్రమంగా మూసుకుపోయేదీ, మిగిలిన పచ్చసొన బొడ్డు గుండా పొట్టలోకి చేరేదీ ఆ సమయంలోనే. బీటలోంచి చూసినప్పుడు పిల్ల ఏదో నములుతున్నట్టు, ఆవులిస్తున్నట్టు ముక్కు ఆడిస్తూ ఉంటే ఆ పని ఇంకా పూర్తి కాలేదని అర్థం చేసుకుని, ఇంక్యుబేటర్ మూత తెరవకుండా ఊరుకోవాలి.

అయితే అన్ని ఆలస్యాలూ ఇటువంటివి కావు. పొదుగుతున్న బాతు నీటికి వెళ్ళి తడి ఈకలతో గూటికి తిరిగి వస్తుంది. యంత్రంలో ఆ తేమను మనమే సమకూర్చాలి. 37.5 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచిన గుడ్డు పొదుగు కాలంలో తన బరువులో ఇంచుమించు 12 నుంచి 15 శాతం వరకు నీటి ఆవిరిగా కోల్పోవాలి. అంతకంటే తక్కువ పోతే పిల్ల ఉబ్బి, కదలడానికి చోటు లేక అలసిపోతుంది. చివరి మూడు రోజులలో తేమను 70 శాతం దరిదాపులకు పెంచకపోయినా, బీట పడ్డాక మూత మాటిమాటికీ తెరిచినా పొర ఎండి, బిగుసుకుని, పిల్లను తిరగనివ్వదు. తెల్లగా, మెత్తగా ఉండవలసిన పొర గోధుమరంగుకు మారి తోలులా కనిపించడం ఈ ఇబ్బందికి గుర్తు. ఇక తల సన్నని చివరన ఉన్న పిల్లకైతే గాలి అరే అందదు.

సాయం చేయవలసివస్తే ముందు ఇవ్వవలసింది గాలి. గుడ్డు వెనక టార్చి లైటు పెట్టి చూస్తే గాలి అరలో ముక్కు నీడ కదులుతూ కనిపిస్తుంది. అలా కనిపించి ఒక రోజు దాటినా పెంకుకు బీట పడక, కూత నీరసిస్తూ ఉంటే, గాలి అర పైభాగంలో శుభ్రపరచిన సూదిని మెల్లగా తిప్పుతూ రెండు మూడు మిల్లీమీటర్ల రంధ్రం చేయవచ్చు. రక్తనాళాలు ఆ గాలి అర కిందిభాగాన ఉన్న పొరలో ఉంటాయి గనుక, సూది లోతుకు దిగకపోతే అక్కడ రక్తస్రావం భయం ఉండదు. చాలా పిల్లలకు ఈ ఒక్క రంధ్రమే చాలు, మిగతాది అవే చూసుకుంటాయి.

బీట పడి ఒక రోజు పైబడినా పని ముందుకు సాగకపోతే, గాలి అర మీది పెంకును మాత్రం కొద్దికొద్దిగా తీసి, గోరువెచ్చని నీటిలో ముంచిన దూది పుల్లతో పొరను తడపాలి. నీరు ముక్కు రంధ్రాలలోకి పోకూడదు. తడిసిన పొర పారదర్శకమై, కింద ఏముందో చూపిస్తుంది. ఎర్రని నాళాలు నిండుగా కనిపిస్తే పిల్లకు ఇంకా సమయం కావాలి. గుడ్డును తిరిగి లోపల పెట్టి కొన్ని గంటలు ఆగాలి. నాళాలు సన్నబడి ఖాళీగా కనిపిస్తే పొరను ముక్కు దగ్గరనుంచి మెల్లగా వెనక్కి తొలగించవచ్చు. ఒక్క రక్తపు చుక్క కనిపించినా అక్కడే ఆపి, శుభ్రమైన దూదితో సుతారంగా అదమాలి.

తల, మెడ బయటపడ్డాక మనం ఇక ఆగిపోవడం మంచిదని నా అభిప్రాయం. కింది సగం పెంకును అలాగే ఉంచితే, పచ్చసొన పూర్తిగా పొట్టలోకి చేరిన పిల్ల తానే కాళ్ళతో తన్నుకుని బయటికి వస్తుంది. బొడ్డుకు అంటుకుని ఏదైనా మిగిలి ఉంటే లాగకూడదు, అది ఎండి దానంతటదే రాలిపోతుంది. ఆ సొన ఒకటి రెండు రోజుల ఆహారానికి సరిపోతుంది కనుక, పిల్ల ఆరి, ఈకలు విచ్చుకుని, నిలదొక్కుకునే వరకు ఇంక్యుబేటర్ వెచ్చదనంలోనే ఉంచవచ్చు.