మొలకెత్తని గింజల లెక్క

"ఎడారిలో గడ్డీగాదం లెక్కపెట్టడానికి నలభై ఏళ్లు కావాలా?" అని ఒక పాఠకుడు అడిగారు. నలభై ఏమిటి, నూరు దాటాయి. అమెరికాలోని అరిజోనాలో, టూసాన్ పక్కనున్న ట్యుమమాక్ గుట్ట మీద 1903లో ఎడారి పరిశోధనశాల పెట్టారు. 1906లో వృక్షశాస్త్రవేత్త వోల్నీ స్పాల్డింగ్ అక్కడ హద్దులు కట్టిన మడుల్లో కొన్నింటిని తరతరాల శాస్త్రవేత్తలు లెక్కిస్తూ వచ్చారు.

నన్ను కట్టిపడేసింది మాత్రం 1982లో లారీ వెనబుల్ అనే శాస్త్రవేత్త అదే గుట్ట మీద మొదలుపెట్టిన లెక్క. చలికాలం వానకు మొలిచి, ఎండలు ముదిరేలోగా గింజ రాల్చి చచ్చిపోయే చిట్టి మొక్కలవి. మన ఇసబ్గోల్ కూడా వాటిలో ఉంది. ప్రతి మొలకనూ పటం మీద గుర్తిస్తారు, అది చచ్చేదాకా మళ్లీ మళ్లీ వచ్చి చూస్తారు, ఎన్ని గింజలు కాసిందో రాసుకుంటారు. అంతటితో ఆగరు. మట్టి తవ్వి తెచ్చి, వాన పడినా మొలవని గింజలను కూడా లెక్కిస్తారు. అసలు కథ వాటిదే.

గింజ మొలవకపోతే పుచ్చు అంటాం, లేదా వేసినవాళ్ల హస్తవాసి మంచిది కాదంటాం. నీరు, గాలి, వెచ్చదనం ఉంటే గింజ మొలుస్తుందని బడిలో చెప్పి వదిలేస్తాం. అన్నీ ఉన్నా మంచి గింజ మొలవకుండా కూర్చోవచ్చని పిల్లలకు చెప్పం.

ఎందుకు కూర్చుంటుంది? వంద గింజలనుకోండి. మంచి ఏడు ఒక్కో మొక్క పది గింజలు కాస్తుంది, కరువు ఏడు ఒక్కటీ కాయదు. మట్టిలో గింజ చెడిపోదనే అనుకుందాం. వందా మొలిస్తే మంచి ఏడు వెయ్యి. మరుసటి ఏడు కరువొస్తే ఆ వెయ్యీ మొలిచి ఎండిపోతాయి, వంశమే పోతుంది. సగమే మొలిస్తే? మంచి ఏడు 500 కొత్తవి, 50 పాతవి, మొత్తం 550. కరువులో సగం పోయినా 275 మిగులుతాయి. సరాసరి చూస్తే మొదటి పద్ధతే మేలు: ఏటా 500, రెండోదానికి 300. కానీ తరాల లెక్క కూడిక కాదు, గుణకారం. గుణకారంలో ఒక్క సున్నా చాలు.

అలాగని మరీ భయపడినా నష్టమే. పాతికే మొలిస్తే రెండేళ్లకు 244 దగ్గర ఆగుతుంది. ఈ లెక్కలో అన్నిటికంటే మేలైనది 44 శాతం. అనంతపురం మెట్ట రైతుకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. తొలి పదునుకే ఉన్న వేరుశనగ కాయలన్నీ భూమిలో పోసేస్తే, వాన మొహం చాటేసినప్పుడు రెండోసారి వేయడానికి విత్తనం ఉండదు.

ఈ గణితాన్ని డాన్ కోహెన్ అనే శాస్త్రవేత్త 1966లోనే కాగితం మీద తేల్చాడు. దిగుబడి ఏటేటా ఎక్కువగా ఊగిసలాడే జాతి ఎక్కువ గింజలను నిద్రలోనే ఉంచాలి. నిజంగా అలాగే ఉందా అని చూడాలంటే కరువులూ మంచి ఏళ్లూ ఎన్నో కళ్లారా చూడాలి. వెనబుల్ 2007లో తన 22 ఏళ్ల లెక్కలు ముందు పెట్టి, అలాగే ఉందని చూపించాడు.

ఆ పట్టికల్లోనే ఇంకో వింత బయటపడింది. అక్కడ వాతావరణం వేడెక్కుతోంది, కానీ పెరుగుతున్నవి చలికి తట్టుకునే జాతులు! కారణం వాన. మొలకెత్తించే వానలు ఆలస్యమై డిసెంబరు వైపు జరిగాయి. దాంతో ఎండలు పెరిగిన కాలంలో కూడా మొలకలు మునుపటికంటే చల్లని రోజుల్లోనే కళ్లు తెరుస్తున్నాయి.