ఎప్పుడొస్తాడో చెప్పలేని ఉద్యోగం

మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ (ఎంఈజీ), ఆర్మీ సర్వీస్ కోర్ (ఏఎస్‌సీ) సెంటర్, మిలిటరీ పోలీస్ సెంటర్, పయనీర్ కోర్ సెంటర్, పారాచూట్ రెజిమెంట్ శిక్షణ కేంద్రం. ఇవన్నీ బెంగళూరులోనే ఉన్నాయి. శ్రీకాకుళం, ప్రకాశం, చిత్తూరు, అనంతపురం వైపు నుంచి మిలిటరీలో చేరిన కుర్రాళ్లు ఎంతోమంది తొలి పరేడ్ చేసింది ఇక్కడే. పెళ్లయి పిల్లలు పుట్టాక యూనిట్ ఫీల్డ్‌కు, అంటే కుటుంబాన్ని వెంట తీసుకెళ్లలేని చోటికి, కదిలితే, ఇంటివాళ్లు మిగిలిపోయేది కూడా తరచూ ఈ ఊళ్లోనే. దొరికితే ఎస్.ఎఫ్. క్వార్టర్‌లో ఉంటారు. భర్త ఫీల్డ్‌లో ఉన్నంతకాలం కుటుంబం విడిగా ఉండేందుకు సైన్యం ఇచ్చే ఇల్లది. దొరక్కపోతే రామ్మూర్తినగర్‌లోనో, టి.సి. పాళ్యలోనో అద్దెకుంటారు.

ఊరికి వెళ్లిపోవచ్చు కదా అని బంధువులు అంటారు. పిల్లల చదువు ఇక్కడ. అత్తకో మామకో జబ్బు చేస్తే చూపించాల్సిన కమాండ్ హాస్పిటల్ కూడా ఇక్కడే. ఇంటి అగ్రిమెంటు ఆయన పేరుతో, గ్యాస్ ఆయన పేరుతో, ఓటీపీ వెళ్లేది సిగ్నల్ లేని కొండమీదున్న ఆయన ఫోన్‌కు. ఇన్ని చిక్కుల్లోనూ ఆ ఇల్లాలు సర్దుకుంటుంది. సర్దుకోలేనిది ఒక్కటే, గడువు తెలియకపోవడం. ఏడాదిన్నర అని చెబితే ఏడాదిన్నరకు సిద్ధపడవచ్చు. మంజూరైన సెలవు రైలెక్కే ముందురోజు రద్దయితే దేనికి సిద్ధపడాలి?

తెలుగు సిపాయిల కథలో ఈ పేచీ చాలా పాతది. 1780 అక్టోబరు 3న విశాఖపట్నంలో ఉన్న ఈస్టిండియా కంపెనీ సిపాయిలను హైదరలీతో యుద్ధం కోసం మద్రాసుకు ఓడెక్కమన్నారు. సొంత సీమ వదిలి సముద్రం మీద పోవడానికి వాళ్లు ఒప్పుకోలేదు. తిరగబడ్డారు, అధికారుల ప్రాణాలు తీశారు. మద్రాసు సైన్యంలో అప్పట్లో భార్యాపిల్లలు సిపాయి వెంటే ఉండేవారు. పటాలం మారితే సంసారమూ బండెక్కేది. అందువల్ల ఓడ ఎక్కమంటే ఇంటిని వదిలేయమన్నట్టే.

మరో నలభై ఏళ్లకు ఓడ ఎక్కడం మామూలైపోయింది. 1824లో బర్మా యుద్ధానికి రంగూన్ మీదికి వెళ్లిన దళాల్లో పెద్ద వంతు మద్రాసు సైన్యానిదే. 1826 ఫిబ్రవరిలో సంధి కుదిరే దాకా ఆ యుద్ధం సాగింది, తూటాల కంటే జ్వరాలూ విరేచనాలే ఎక్కువమందిని మింగాయి. సిపాయి జీతంలో కొంత భాగం ఇక్కడ ఇంటివాళ్లకు ముట్టే ఏర్పాటును కంపెనీ కల్పించింది. నా దృష్టిలో ఇది ముఖ్యమైన మలుపు. ఎడబాటుకు బదులు డబ్బు ముట్టజెప్పే పద్ధతి అలా పాదుకుంది. తర్వాత ఎన్ని సంస్కరణలు వచ్చినా ఈ ఆలోచన పెద్దగా మారలేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో ఆ డబ్బు కూడా ఊరట ఇవ్వలేకపోయింది. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయినప్పుడు 40 వేలకు పైగా భారతీయ సైనికులు జపాన్‌కు బందీలయ్యారు. బతికున్నాడో లేదో తెలియకుండా మూడేళ్లకు పైగా గడిపిన ఇళ్లు ఎన్నో. అంతకుముందే, 1925లో, సైనికుల వ్యాజ్యాల చట్టం వచ్చింది. యుద్ధభూమిలో ఉన్న సైనికుడి మీద ఊళ్లో ఎవరైనా భూమి దావా వేస్తే, అతను లేడన్న వంకతో తీర్పు చెప్పకుండా కోర్టు ఆగాలి. మంచి చట్టం. అయితే అది కాపాడింది అతని పొలాన్నీ హక్కునూ మాత్రమే.

స్వాతంత్ర్యం తర్వాత మరికొన్ని దన్నులు వచ్చాయి. భార్యను పట్టించుకోని సైనికుడి జీతంలో కొంత కోసి ఆమెకు ఇప్పించే వీలు 1950 ఆర్మీ చట్టంలో ఉంది. బదిలీ అయ్యేవాళ్ల పిల్లల కోసం 1963లో కేంద్రీయ విద్యాలయాలు మొదలయ్యాయి, బెంగళూరు ఎంఈజీ ఆవరణకూ ఒకటి వచ్చింది. 1966లో సైనికుల భార్యల సంక్షేమ సంఘం ఆవా ఏర్పడింది. ఒక దఫా ఫీల్డ్, ఒక దఫా పీస్ (కుటుంబంతో ఉండగల చోటు) అన్న లెక్క నడిచినంతకాలం ఈ దన్నులు కొంతవరకు సరిపోయాయి.

ఆ లెక్క 1980ల నుంచి తప్పింది. 1984 ఏప్రిల్‌లో సియాచిన్ మంచుకొండలు ఎక్కిన సైన్యం ఇప్పటికీ దిగలేదు. 1987లో శ్రీలంక వెళ్లిన శాంతి దళం 1990 మార్చిలో తిరిగొచ్చింది. అదే ఏడాది కశ్మీర్ కోసం రాష్ట్రీయ రైఫిల్స్ మొదలైంది. యూనిట్ పీస్‌లో ఉన్నా మనిషిని రాష్ట్రీయ రైఫిల్స్‌కు పంపవచ్చు. పీస్ స్టేషన్‌లో క్వార్టర్ దొరికి సంసారం సర్దుకునేసరికి మళ్లీ పెట్టె కట్టే రోజులు వచ్చాయి.

అన్నిటికంటే ఎక్కువగా చెప్పుకోవలసింది ఆపరేషన్ పరాక్రమ్. 2001 డిసెంబరు 13న పార్లమెంటు మీద దాడి జరిగిన వెంటనే, పాకిస్తాన్ సరిహద్దుకు లక్షల సైన్యం కదిలింది. సెలవులు ఆగిపోయాయి. రేపో మాపో యుద్ధం అన్నారు, సంక్రాంతి పోయింది, ఉగాది పోయింది, పిల్లలు కొత్త తరగతుల్లో చేరారు. రాజస్థాన్ ఇసుకలో, పంజాబ్ పొలాల్లో మందుపాతరలు పాతే పని ఇంజనీర్ దళాలది. పాతేటప్పుడూ తీసేటప్పుడూ అవి పేలి మనుషులు పోయారు. యుద్ధం మాత్రం రాలేదు. 2002 అక్టోబరులో ఉపసంహరణ ప్రకటించారు, మందుపాతరలు ఏరే పని ఆ తర్వాతా సాగింది. యుద్ధమైతే మొదలవుతుంది, ముగుస్తుంది. ఇది పది నెలల ఎదురుచూపు. యుద్ధ వితంతువులకు ఇచ్చే గౌరవం గురించి దేశం మాట్లాడుతుంది, మాట్లాడాలి కూడా. యుద్ధం లేని ఆ పది నెలలు ఒంటరిగా కాన్పులు, పరీక్షలు, చావులు గట్టెక్కించిన ఆడవాళ్ల గురించి ఎవరూ మాట్లాడలేదు.

2020లో గల్వాన్ లోయలో చైనా సైన్యంతో ఘర్షణ తర్వాత లద్దాఖ్‌లో అదే జరిగింది. వేలమందిని అదనంగా తరలించారు, చలికాలం గడిచాక కూడా వెనక్కి రాలేదు.

కబురు అందే తీరు మాత్రం బాగుపడింది, అది ఒప్పుకోవాలి. 56 ఏపీఓ అన్న సైనిక తపాలా చిరునామా రాసిన ఇన్‌లాండ్ లెటర్ పోయి ఎస్టీడీ బూత్ వచ్చింది, తర్వాత వాట్సాప్. మంచుకొండల్లో ఉపగ్రహ ఫోనే గతి. దానికి నిమిషానికి 5 రూపాయలు పడేది, పైగా నెలకు 500 చందా. 2017 దీపావళికి కేంద్రం చందా ఎత్తేసి నిమిషానికి ఒక్క రూపాయి చేసింది. చిన్న నిర్ణయమే, కానీ ఎన్ని ఇళ్లలో గొంతు వినిపించిందో!

నియమం ప్రకారం జవానుకు ఏటా 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ సెలవు ఉంటాయి. ఉన్నాయి కాని, ఎప్పుడు దొరుకుతాయన్నది అవసరాన్ని బట్టి మారుతుంది. దేశ రక్షణలో అది తప్పదు. ఒకసారి రద్దయిన సెలవు ఎన్నాళ్లలోగా తిరిగివ్వాలో, కుటుంబానికి ఎవరు కబురు చెప్పాలో గట్టిగా రాసిపెట్టడం మాత్రం అసాధ్యం కాదని నా నమ్మకం.

నాలుగేళ్లకే సైన్యంలోకి తీసుకునే, 2022లో వచ్చిన అగ్నిపథ్ పథకం ఈ భారాన్ని మరోవైపు జరిపింది. అలా చేరిన అగ్నివీర్ నాలుగేళ్లూ అవివాహితుడిగానే ఉండాలి, ఏటా సెలవు 30 రోజులే. అంటే ఎదురుచూసేది ఇప్పుడు తల్లిదండ్రులు. ఎస్.ఎఫ్. క్వార్టర్, ఆవా, కేంద్రీయ విద్యాలయం అన్నీ భార్యాపిల్లలను దృష్టిలో పెట్టుకుని కట్టినవి. మదనపల్లె పక్క పల్లెలో ఉన్న తండ్రికి అవి ఎందుకూ అక్కరకు రావు. నాలుగేళ్ల తర్వాత సర్వీసులో మిగిలేది నాలుగో వంతుకు మించరు. వాళ్లు పెళ్లి చేసుకున్నాక మళ్లీ క్వార్టర్ల జాబితాలో పేరు రాయించుకోవాలి.