పాలోమారెస్: దున్ని కప్పేసిన మట్టి మళ్లీ ఎందుకు పైకొస్తోంది?

స్పెయిన్ ఆగ్నేయ తీరంలోని పాలోమారెస్ పేరు ఏటా జనవరి వచ్చేసరికి వార్తల్లోకి ఎక్కుతుంది. 1966 జనవరి 17న ఆ పల్లె మీద, ఆకాశంలో, అమెరికా బీ-52 బాంబర్ ఒకటి ఇంధనం నింపుకుంటూ ట్యాంకర్ విమానాన్ని ఢీకొట్టింది. బాంబర్లో నాలుగు హైడ్రోజన్ బాంబులున్నాయి. మూడు నేల మీద పడ్డాయి. ఒకటి సముద్రంలో పడింది, దాన్ని వెతికి పట్టుకోవడానికి ఎనభై రోజులు పట్టింది. ఇంతవరకు చాలామందికి తెలిసిన కథే. ఇప్పుడు గొడవంతా సముద్రంలో దొరికిన బాంబు గురించి కాదు, నేల మీద మిగిలిన మట్టి గురించి. కంచె వేసిన పొలాల్లో, బాంబుల్లోని ప్లుటోనియం అనే రేడియోధార్మిక పదార్థంతో కలుషితమైన మట్టి దాదాపు 50,000 ఘనపు మీటర్లు ఇప్పటికీ ఉందని స్పెయిన్ ప్రభుత్వ పరిశోధన సంస్థ సీమాట్ లెక్క కట్టింది. దాన్ని అమెరికా తీసుకెళ్లాలా, వద్దా? తీసుకెళ్తే ఎప్పుడు, ఎవరి ఖర్చుతో?

2015 అక్టోబరులో అమెరికా విదేశాంగ మంత్రి జాన్ కెర్రీ మాడ్రిడ్ వచ్చి ఒక ప్రకటన మీద సంతకం పెట్టారు. మిగిలిన మట్టిని శుభ్రం చేసి, అమెరికాలో తగిన చోటికి తరలించేందుకు ఒప్పందం కుదుర్చుకుంటామన్నది దాని సారం. ఒప్పందం కాదు, ఒప్పందం చేసుకుంటామన్న మాట. ఆ తర్వాత వాషింగ్టన్‌లో ప్రభుత్వం మారింది, మాట అక్కడే ఆగిపోయింది. 2023 మార్చిలో స్పెయిన్ మళ్లీ అధికారికంగా అడిగింది. ఊరివాళ్లకు ఇలాంటి సంతకాలు, విన్నపాలు అలవాటైపోయాయి.

ఈ చిక్కుముడి ఎక్కడ పడిందో తెలియాలంటే ప్రమాదం జరిగిన రోజు కంటే ఆ తర్వాతి ఆరు వారాలు ముఖ్యం. అయినా ఆ రోజు గురించి నాలుగు మాటలు చెప్పుకోక తప్పదు. ఎవరు బతికారు, వాళ్లను ఎవరు కాపాడారు అన్నది తర్వాతి కథతో ముడిపడి ఉంది.

బాంబర్ నార్త్ కరొలినాలోని సేమర్ జాన్సన్ స్థావరం నుంచి వచ్చింది. సోవియట్ దాడి జరిగితే వెంటనే ఎదురుదెబ్బ తీయడానికి అణ్వాయుధాలతో బీ-52లను రాత్రింబవళ్లు గాల్లోనే తిప్పే 'క్రోమ్ డోమ్' పథకంలో అదొకటి. అంతసేపు తిరగాలంటే దారిలోనే ఇంధనం నింపుకోవాలి. స్పెయిన్‌లోని మొరోన్ స్థావరం నుంచి కేసీ-135 ట్యాంకర్ అందుకే ఎగిరింది. మన వాయుసేన ఇల్యూషిన్-78లది గొట్టం వేలాడదీసే పద్ధతి. అమెరికా బాంబర్లది వేరు: ట్యాంకర్ తోక కింద నుంచి బూమ్ అనే గట్టి లోహపు గొట్టం దిగుతుంది, బాంబర్ దాని కిందికి చేరి నిలకడగా ఎగరాలి. ఎత్తు 31,000 అడుగులు. వేగం ఒక్క పిసరు ఎక్కువైనా బూమ్ వచ్చి వెన్నులో దిగుతుంది.

జరిగింది అదే. అప్పుడు విమానం నడుపుతున్న మేజర్ లారీ మెసింజర్ తర్వాత చెప్పినదాని ప్రకారం, వాళ్లు ట్యాంకర్ వెనక కాస్త వేగంగా వచ్చారు, కొంచెం ముందుకు దూసుకెళ్లారు. ప్రమాదం అనిపిస్తే బూమ్ ఆపరేటర్ 'విడిపో' అని మూడుసార్లు అరవాలి. ఆ అరుపు వినిపించలేదు. అంతా బాగానే ఉందనుకునేలోపే విమానం ముక్కలైంది. బూమ్ బాంబర్ పైభాగాన్ని చీల్చింది, ఎడమ రెక్క ఊడిపోయింది, ట్యాంకర్లోని ఇంధనం అంటుకుంది. ట్యాంకర్లోని నలుగురూ పోయారు. బాంబర్లోని ఏడుగురిలో ముగ్గురు పోయారు. బూమ్ ఆపరేటర్ బతికి లేడు కాబట్టి, అరుపు ఎందుకు రాలేదో అతని నోటి నుంచి వినే అవకాశం ఎవరికీ దక్కలేదు.

బతికిన నలుగురూ పారాచూట్ల పుణ్యమా అని బతికారు, ఒక్కొక్కరిది ఒక్కో రకం. కెప్టెన్ బుకానన్ ఒళ్లు కాలింది, ఎజెక్షన్ సీటు నుంచి విడిపడలేకపోయాడు. సీటుతో సహా కిందికి వస్తూనే చేత్తో పారాచూట్ తెరుచుకున్నాడు, నేల మీద పడ్డాడు. పాలోమారెస్ జనమే అతన్ని క్లినిక్‌కి మోసుకెళ్లారు. విమాన కమాండర్ వెండార్ఫ్, రూనీ, మెసింజర్ సముద్రంలో పడ్డారు. కొంత ఎత్తు దాకా ఊరికే జారిపడితే పారాచూట్ తనంతట తానే తెరుచుకుంటుంది. మెసింజర్ తలకు దెబ్బ తగిలిన మైకంలో దాన్ని వెంటనే తెరిచేశాడు. గాలి అతన్ని తీరానికి చాలా దూరం లాక్కెళ్లింది. ముప్పావుగంట నీళ్లలో ఉన్నాక ఒక చేపల పడవ వచ్చి ఎక్కించుకుంది.

ఆ రోజు అక్కడ సముద్రంలో ఉన్న జాలర్లలో ఫ్రాన్సిస్కో సిమో ఒకడు. ఒక పెద్ద పారాచూట్‌కి వేలాడుతూ సగం మనిషిలాంటిది ఏదో నీళ్లలో మునగడం చూశానని అధికారులకు చెప్పాడు. అది నాలుగో బాంబు. నౌకాదళం తిరగని చోటంటూ లేకుండా తిరిగింది. చివరికి అల్విన్ అనే చిన్న జలాంతర్గామికి మార్చి 15న బాంబు కనిపించింది, సిమో చూపించిన వైపే. ఏప్రిల్ 7న దాన్ని పైకి తీశారు.

ఇలాంటిది అంతకుముందూ జరిగింది. 1959 అక్టోబరులో కెంటకీలోని హార్డిన్స్‌బర్గ్ దగ్గర, అచ్చం ఇలాగే, ఒక బీ-52 ఒక కేసీ-135ను ఢీకొట్టింది. అప్పుడూ ట్యాంకర్లోని నలుగురూ పోయారు, అప్పుడూ బాంబర్లో నలుగురే బతికారు. లోపల రెండు అణుబాంబులున్నాయి, అవి పేలలేదు, ప్లుటోనియం చెదరలేదు. అమెరికా సైన్యం నేర్చుకోవాల్సిన పాఠం నేర్చుకోకపోవడానికి ఆ అదృష్టం కూడా ఒక కారణమని నాకనిపిస్తుంది. పాలోమారెస్‌లో అదృష్టం సగమే. నేల మీద పడ్డ మూడు బాంబుల్లో ఒకటి దాదాపు చెక్కుచెదరకుండా దొరికింది. మిగతా రెండింటిలోని మామూలు పేలుడు పదార్థం నేల తాకగానే పేలింది. అణు విస్ఫోటనం జరగలేదు కానీ ప్లుటోనియం దుమ్ముగా మారి గాలికి లేచింది. సుమారు 226 హెక్టార్ల మీద పడింది. టమాటా పొలాలు, ఇళ్లు, గుట్టలు, అన్నీ అందులోనే.

నేల మీద ఒక్కరికీ ప్రాణాపాయం జరగలేదన్న వాక్యం ఆ రోజు నుంచే మొదలైంది. అమెరికా చెప్పింది, స్పెయిన్ నియంత ఫ్రాంకో ప్రభుత్వం చెప్పింది. వాక్యంలో అబద్ధం లేదు. ఆ తర్వాతి లెక్కలన్నీ దాని చాటున దాక్కున్నాయి, అదీ దానితో ఇబ్బంది.

నా దృష్టిలో అసలు మలుపు ఫిబ్రవరిలో వచ్చింది. మట్టిలో ప్లుటోనియం ఎంత వరకు ఉండొచ్చో చెప్పే నిబంధన అప్పటికి లేదు. రెండు దేశాల నిపుణులు కూర్చుని హద్దులు గీశారు. ఒక స్థాయి దాటితే పైమట్టి తీసి పీపాల్లో నింపి అమెరికా పంపాలి. దానికి దిగువన ఉంటే ముప్ఫై సెంటీమీటర్ల లోతున దున్ని కలిపేయాలి. ఇంకా తక్కువైతే నీళ్లు చల్లి వదిలేయాలి. దున్నడానికి వీల్లేని రాళ్ల గుట్టల మీద పారలతో చేయగలిగినంత చేశారు. లెక్క చూడండి: మట్టి తవ్వి తీసేసింది 2.2 హెక్టార్లు, అంటే అయిదున్నర ఎకరాలు. ఆ మట్టి 4,810 పీపాలైంది, సౌత్ కరొలినాలోని సవానా రివర్ కేంద్రానికి ఓడలో వెళ్లింది. పీపాల ఫొటోలు ప్రపంచమంతా చూసింది. దున్నేసిన పొలాలకు ఫొటోలేం ఉంటాయి?

దున్నితే ప్లుటోనియం పోదు, పలచబడుతుందంతే. ప్లుటోనియం-239 సగం తగ్గడానికి 24,000 ఏళ్లు దాటుతుంది. అందులో కలిసి ఉన్న ప్లుటోనియం-241 మాత్రం పద్నాలుగేళ్లకోసారి సగమవుతూ అమెరీషియం-241గా మారుతుంది. ఇది గామా కిరణాలు వెదజల్లుతుంది కాబట్టి రేడియేషన్ కొలిచే పరికరాలకు సులువుగా దొరుకుతుంది. కాలం గడిచేకొద్దీ కాలుష్యం ఇంకా బాగా కనిపించడానికి ఇదొక కారణం.

అంత తొందరెందుకు? సముద్రంలో బాంబు ఇంకా దొరకలేదు, పత్రికలవాళ్లు తిష్టవేశారు, స్పెయిన్ తీరాలకు టూరిస్టుల సీజన్ దగ్గరపడింది. మార్చి 8న సమాచార, పర్యాటక మంత్రి మాన్యుయెల్ ఫ్రాగా, అమెరికా రాయబారి యాంజియర్ బిడిల్ డ్యూక్ కెమెరాల ముందు సముద్రంలో స్నానం చేశారు. నీళ్లు భద్రమని చూపించడానికి. మట్టిలో ఎవరూ పొర్లలేదు.

ఫిబ్రవరి 25న అమెరికా అణుశక్తి కమిషన్, స్పెయిన్ అణుశక్తి బోర్డు మధ్య ఇంకో ఏర్పాటు కుదిరింది. ఊరివాళ్లను, మట్టిని, పంటలను ఏళ్ల తరబడి పరీక్షిస్తారు, ఖర్చులో అమెరికా పాలుపంచుకుంటుంది. పేరు ప్రాజెక్ట్ ఇందాలో. జనాన్ని మాడ్రిడ్ తీసుకెళ్లి మూత్రం, ఊపిరితిత్తులు పరీక్షించేవారు. ఫలితాలు మాత్రం 1980ల నడుమ దాకా వాళ్ల చేతికి ఇవ్వలేదు. ఇరవై ఏళ్లు! అడిగినవాళ్లకు ఏం జరిగిందో మెదీనా సిదోనియా డచెస్ ఇసబెల్ అల్వరేజ్‌ను చూస్తే తెలుస్తుంది. 1967లో ఊరివాళ్లతో కలిసి పరిహారం కోసం ఊరేగింపు తీసినందుకు ఆమె జైలుకెళ్లాల్సి వచ్చింది.

అధికారుల వైపు వాదన ఒక్క మాటలో: పరీక్షించినవాళ్లలో ప్రమాదకర స్థాయి కనిపించలేదు, క్యాన్సర్లు పెరిగాయనడానికి ఆధారం లేదు. అది నిజమే కావచ్చు. కానీ ఆ పరీక్షలు చేసినవాళ్లూ, వాటిని దాచినవాళ్లూ ఒకరే కావడంతో ఊరివాళ్లు నమ్మలేదు. తప్పు పట్టలేం.

నమ్మనివాళ్లు అమెరికాలోనూ ఉన్నారు. మట్టి తవ్వడానికి, పీపాలు నింపడానికి వచ్చిన అమెరికా సైనికులు దాదాపు 1,600 మంది. చాలామందికి మాస్కులు లేవు. టమాటాలు ప్రమాదం కాదని ఊరికి చూపించడానికి సైన్యం వాటిని కొని మెస్‌లో తమకే వడ్డించిందని వాళ్లు తర్వాత చెప్పారు. వాళ్ల మూత్ర నమూనాల్లో అనుకున్నదాని కంటే ఎక్కువ ప్లుటోనియం కనిపిస్తే, నమూనాలే దుమ్ముతో పాడయ్యాయని ఎక్కువ భాగం పక్కన పెట్టేశారు. ఎక్కువగా కనిపించిన 26 మందిని మాత్రమే గుర్తు పెట్టుకున్నారు. దశాబ్దాల తర్వాత జబ్బుపడ్డవాళ్లు పింఛను అడిగితే, పక్కన పెట్టగా మిగిలిన ఆ లెక్కలే చూపించి, మీకు సోకింది చాలా తక్కువ అన్నారు.

వాళ్లు కోర్టుకెళ్లారు. 2019 డిసెంబరులో మాజీ సైనికుల అప్పీళ్ల కోర్టు పాలోమారెస్ సైనికుల కేసును సామూహిక దావాగా తీసుకుంది. మరుసటి ఏడాది, ప్రభుత్వ లెక్కింపు పద్ధతి సరైన ఆధారమో కాదో సంబంధిత బోర్డు పరిశీలించలేదని తప్పుపట్టింది. కేసు పై కోర్టులో నలుగుతుండగానే 2022 ఆగస్టులో పాక్ట్ చట్టం వచ్చింది. 1966 జనవరి 17 నుంచి 1967 మార్చి 31 మధ్య పాలోమారెస్ శుభ్రత పనిలో ఉన్న సైనికుడికి జాబితాలోని క్యాన్సర్ వస్తే, అది రేడియేషన్ వల్లనే వచ్చిందని ప్రభుత్వం అనుకోవాల్సిందే. సైనికుడు విడిగా రుజువు చేయక్కర్లేదు.

పొలాల్లో మిగిలినదాన్ని బయటపెట్టింది పర్యావరణ సంస్థలకంటే ముందు రియల్ ఎస్టేటే. తీరం వెంట ఇళ్లు కట్టే జోరు 2000ల మొదట్లో పాలోమారెస్ దాకా వచ్చింది. అప్పుడు ప్రభుత్వం భూములు స్వాధీనం చేసుకుని, కంచె వేసి, మళ్లీ కొలిచింది. 2008లో అమెరికన్లు చెత్త పూడ్చిన రెండు కందకాలు కూడా దొరికాయి. 2010లో సీమాట్ శుభ్రత ప్రణాళిక సిద్ధం చేసింది: మట్టిని వేరుచేసి 50,000 ఘనపు మీటర్లను 6,000కు తగ్గించొచ్చు. ఆ 6,000 ఘనపు మీటర్లు ఎక్కడ పెట్టాలన్నదే ఇప్పుడు రెండు ప్రభుత్వాల మధ్య నలుగుతున్న ప్రశ్న. కోర్దోబా దగ్గరున్న స్పెయిన్ అణు వ్యర్థాల కేంద్రం ఎల్ కబ్రిల్ తక్కువ, మధ్య స్థాయి వ్యర్థాలకు కట్టింది. ప్లుటోనియం లాంటి దీర్ఘకాలపు సరుకు అక్కడ పెట్టేది కాదు. అమెరికా ఒప్పుకుంటే మొదటి 4,810 పీపాలు వెళ్లిన దారిలోనే ఇదీ పోవచ్చు. అలా ఒప్పుకుంటే, ఇతర దేశాల్లో వదిలొచ్చిన కాలుష్యం గురించీ తనను అడుగుతారేమోనని అమెరికా జంకుతోందన్న మాట ఎప్పటి నుంచో వినిపిస్తోంది.

పాక్ట్ చట్టం అమెరికా సైనికులది. అదే మట్టి మీద, అదే గాలి పీల్చిన పాలోమారెస్ రైతులకు అది వర్తించదు.