ఫోల్డర్‌లో పేర్లు వరసగా ఎందుకు రావు?

చిరంజీవులకు తాత ఆశీస్సులు.

మొన్న ఆదివారం ఫోన్లో పెద్దమ్మాయి అడిగింది. "తాతా, ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్ళ పేర్లన్నీ చూపించే ప్రోగ్రామ్ సి లో రాశాను. పేర్లయితే అన్నీ వస్తున్నాయి గానీ ఒక వరసా వాయీ లేదు. ఫైళ్ళ పేర్లు చూపించే ఎల్ఎస్ కమాండ్ కొడితే మాత్రం చక్కగా అక్షరాల వరసలో వస్తాయి. నా ప్రోగ్రామ్‌లో ఏం తప్పు?" అని. నీ ప్రోగ్రామ్‌లో ఏ తప్పూ లేదు తల్లీ. ఇంత మంచి ప్రశ్నను ఫోన్లో రెండు ముక్కల్లో తేల్చేయడం ఇష్టంలేక కూర్చుని రాస్తున్నాను. చిన్నోడికి కూడా చదివి వినిపించు.

ఫోల్డర్ అంటే ఒక సత్రం రిజిస్టర్ అనుకోండి. మా నాయన తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికి దగ్గర్లో ఒక సత్రంలో గుమాస్తాగా ఉండేవాడని మీకు తెలుసు. ఆయన ముందు పొడుగాటి పుస్తకం ఒకటి ఉండేది. ఒక్కో గీత మీద ఒక్కో పేరు, పక్కనే గది నంబరు. అంతకుమించి ఏమీ ఉండదు. మనిషి ఉండేది గదిలో, పుస్తకంలో ఉండేది పేరే. ఎవరైనా గది ఖాళీ చేసి పోతే నాయన ఆ పేరు రబ్బరుతో చెరిపేసి, తర్వాత వచ్చినవాళ్ళ పేరు ఆ ఖాళీలోనే పెన్సిల్‌తో రాసేవాడు. కాగితం వృథా చేయడం ఆయనకు గిట్టదు. దాంతో నిన్న రాత్రి రైలు దిగినాయన పేరు మొదటి పేజీలో, వారం నుంచి ఉన్న ముసలామె పేరు నాలుగో పేజీలో ఉండేవి. వచ్చిన వరసా కాదు, అక్షరాల వరసా కాదు.

యూనిక్స్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఫోల్డర్ అచ్చం ఇలాగే ఉండేది. 1979లో బెల్ ల్యాబ్స్ నుంచి వచ్చిన ఏడో యూనిక్స్‌లో ఒక్కో పేరుకు 16 బైట్ల గీత. 2 బైట్లు గది నంబరుకు, 14 బైట్లు పేరుకు. ఆ గది నంబరునే ఐనోడ్ నంబర్ అంటారు. ఫైల్ తీసేస్తే ఆ నంబరు చోట సున్నా పడేది, కొత్త ఫైల్ వస్తే ఆ ఖాళీలో కూర్చునేది. ఇప్పుడు మీరు లినక్స్‌లో వాడే ఎక్స్‌ట్4 అనే ఫైల్ సిస్టమ్ (డిస్క్ మీద ఫైళ్ళు సర్దే పద్ధతి) ఇంకో పని చేస్తుంది. త్వరగా వెతికేందుకు ప్రతి పేరు నుంచీ ఒక సంఖ్య లెక్క కట్టి, ఆ సంఖ్యల వరసలో పేర్లు చెబుతుంది. ఆ లెక్క మొదట్లో వేసే సంఖ్య, అంటే సీడ్, డిస్క్ డిస్క్‌కీ వేరు. అందుకే అవే ఫైళ్ళు నీ ల్యాప్‌టాప్‌లో ఒక వరసలో, నీ స్నేహితురాలి ల్యాప్‌టాప్‌లో ఇంకో వరసలో వస్తాయి.

నీ ప్రోగ్రామ్‌లో పిలిచిన సి ఫంక్షన్ల సంగతి ఇప్పుడు. ఓపెన్‌డిర్ అంటే ఆ రిజిస్టర్ తెరవడం. తెరవనివ్వకపోతే నల్, అంటే 'ఏమీ లేదు' అనే జవాబు వస్తుంది, అది చూసుకోకుండా ముందుకు పోవద్దు. రీడ్‌డిర్ పిలిచిన ప్రతిసారీ ఒక గీత చదివి చెబుతుంది, గీతలు అయిపోతే నల్ ఇస్తుంది. క్లోజ్‌డిర్‌తో మూసేయాలి. మా నాయన పుస్తకం తెరిచి పెట్టి లేచిపోయినవాణ్ణి ఊరికే వదిలేవాడు కాదు. మీరూ ఆ అలవాటు చేసుకోండి.

మొదట ఒక చుక్క, రెండు చుక్కలు అనే పేర్లు కనిపించి కంగారు పడ్డావు గదా. ఒక చుక్క అంటే ఈ సత్రమే. రెండు చుక్కలంటే ఈ సత్రం ఏ పెద్ద సత్రం కిందిదో అది. లోపలి ఫోల్డర్లలోకి కూడా దూరి చూసే ప్రోగ్రామ్ రాసేటప్పుడు ఆ రెండింటినీ దాటేయాలి. లేకపోతే ఈ సత్రంలోంచి ఈ సత్రంలోకే పోతూ ఉంటావు.

ఇప్పుడు వరస సంగతి. తమిళుల పెరటాసి నెల శనివారాలు వచ్చాయంటే తమిళం వైపు నుంచి జనం వరద. "మా మామ ఏ గదిలో దిగినాడు సామీ?" అని గంటకు పదిమంది అడిగేవాళ్ళు. ప్రతిసారీ మొదటి పేజీ నుంచి చదవాలంటే అయ్యే పనా? అందుకని సాయంత్రం నాయన పేర్లు ఒక్కొక్కటే చదివేవాడు, నేను పాత క్యాలెండర్ కాగితం చించిన చీటీల మీద రాసుకునేవాణ్ణి. ఇక్కడ ఒకటి గమనించు. ఆయన గొంతులోంచి తర్వాతి పేరు వచ్చేలోపు ముందు పేరు నా చీటీ మీద ఉండాలి. రీడ్‌డిర్ కూడా అంతే. అది ఇచ్చిన పేరు, అంటే డి_నేమ్, ఉన్న చోటే తర్వాతి పిలుపులో ఇంకో పేరు పడొచ్చు. చిరునామా మాత్రం దాచుకుంటే చివరికి ఏ పేర్లు మిగులుతాయో చెప్పలేం. నకలు తీసే స్ట్ర్‌డప్‌తో ప్రతి పేరుకూ సొంత చీటీ రాసుకో. పని అయ్యాక ఆ జాగా ఫ్రీ చెయ్యి.

చీటీలు వరసలో పెట్టేది నేను కాదు. గదుల తాళాలు తీసే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. చదువు రాదు గానీ చేతులు మహా చురుకు. అరుగు మీద చీటీలు పరిచి, రెండు చీటీలు నా ముఖం ముందు పట్టుకుని "ఏది ముందురా అబ్బోడా?" అనేవాడు. నేను వేలు చూపించేవాణ్ణి. మళ్ళీ రెండు. మునెమ్మ ముందా, చెంగమ్మ ముందా? కాసేపటికి అరుగు మీద పేర్లన్నీ బారులు తీరి ఉండేవి. అందులో ఒక్క అక్షరం ఆయనకు తెలియదు! నాకు అప్పుడూ అది ఆశ్చర్యమే, ఇప్పుడూ ఆశ్చర్యమే.

సి లో వరస పెట్టే క్యూసార్ట్ అనే ఫంక్షన్ అంటే ఆ పెద్దాయనే. దానికి పేర్లు చదవడం రాదు, తేదీలు తెలియవు. ఎన్ని చీటీలు, ఒక్కోటి ఎంత సైజు అని చెప్పి, ఏది ముందో చెప్పే ఫంక్షన్ ఒకటి ఇస్తే చాలు. మొదటిది ముందుండాలంటే సున్నాకు తక్కువ, వెనకుండాలంటే సున్నాకు ఎక్కువ, రెండూ ఒకటైతే సున్నా. అదే ప్రశ్నకు ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా జవాబు చెబితే పెద్దాయన ఎంత కష్టపడినా వరస కుదరదు. ఒకరి పని మన మాట మీద నడుస్తున్నప్పుడు మాట నిలకడగా ఉండాలి, ఏ పనిలోనైనా.

ఒక మెలిక ఉంది. క్యూసార్ట్ నీ ఫంక్షన్‌కు పేరు ఇవ్వదు, చీటీ పెట్టిన చోటు ఇస్తుంది. నీ అర్రేలో, అంటే చీటీల బారులో, ఉన్నవి క్యారెక్టర్ పాయింటర్లు (పేర్లున్న చోట్ల చిరునామాలు) కాబట్టి చేతికి వచ్చేది పాయింటర్‌కు పాయింటర్. ఒక మెట్టు దిగి, అప్పుడు రెండు పేర్లు పోల్చే స్ట్ర్‌కంప్‌కు ఇవ్వాలి. దిగకుండా నేరుగా ఇచ్చినా కంపైలర్ నోరెత్తదు, ఎందుకంటే వచ్చింది వాయిడ్ పాయింటర్, అంటే అక్కడ ఏ రకం వస్తువుందో చెప్పని చిరునామా. వరస మాత్రం పిచ్చిగా వస్తుంది.

ఇదంతా ఒకే పిలుపులో చేసే స్కాన్‌డిర్ కూడా ఉంది, ఆల్ఫాసార్ట్ తోడిస్తే చాలు. కానీ ముందు ఒకసారి చేత్తో రాయి. చీటీలు నీ చేత్తో రాస్తేనే స్కాన్‌డిర్ లోపల ఏం జరుగుతుందో తెలుస్తుంది.

స్ట్ర్‌కంప్‌కు మాత్రం మనలా ఇంగితం ఉండదు. బైట్ బైట్ పోల్చుకుంటూ పోతుంది. ఇంగ్లీషు పెద్ద ఏ విలువ 65, చిన్న ఏ విలువ 97. అందుకని పెద్ద జెడ్‌తో మొదలయ్యే పేరు కూడా చిన్న ఏ కంటే ముందు నిలబడుతుంది. ఫోటో10 అనేది ఫోటో2 కంటే ముందొస్తుంది, ఎందుకంటే 1 ముందు, 2 తర్వాత. అది పదో రెండో అని అది చూడదు. అలా చూసే ఫంక్షన్ కావాలంటే గ్నూ లైబ్రరీలో వెర్షన్‌సార్ట్ ఉంది, లేదా నువ్వే రాసుకోవచ్చు. కొత్త ఫైల్ ముందు రావాలంటే స్టాట్‌తో సమయం అడిగి పోల్చు. పెద్దాయన ఏదడిగినా వేలు చూపించేది నువ్వే.

సెలవు రోజు ఇద్దరూ కూర్చుని చేయండి. ముందు ఎల్ఎస్‌కు మైనస్ పెద్ద యూ పెట్టి కొట్టండి, నీ ప్రోగ్రామ్ చూపించిన కలగాపులగమే వస్తుంది. అంటే ఎల్ఎస్ కూడా ఆ రిజిస్టరే చదివి, తర్వాత వరస పెడుతోందన్నమాట. తర్వాత అన్నిటికంటే పైనున్న రూట్ ఫోల్డర్‌కు పోయి మైనస్ ఏఐ పెట్టండి. ఒక చుక్కకూ రెండు చుక్కలకూ ఒకే గది నంబరు కనిపిస్తుంది. దానిపైన ఇంకో సత్రం లేదు మరి.

ఆఖరుగా ఒక కొత్త ఫోల్డర్‌లో కవి, కళ అని తెలుగులో రెండు ఫైళ్ళు పెట్టి నీ ప్రోగ్రామ్ నడుపు. బళ్ళో మనం చదివిన వర్ణమాలలో వ ముందు, ళ ఎక్కడో చివర. కంప్యూటర్లో అక్షరాలకు నంబర్లిచ్చే యూనికోడ్‌లో మాత్రం ళ ను ల పక్కనే కూర్చోబెట్టారు, వ కంటే ముందు. స్ట్ర్‌కంప్ ఏది ముందంటుందో చూడండి. తర్వాత సెట్‌లోకేల్ పిలిచి, తెలుగు లోకేల్ (ఆ భాష పద్ధతుల పట్టిక) పెట్టి, స్ట్ర్‌కంప్ బదులు ఆ పద్ధతి ప్రకారం పోల్చే స్ట్ర్‌కోల్ వేసి మళ్ళీ నడపండి. రెండు సార్లూ వచ్చిన వరసలు కాగితం మీద రాసి నాకు పంపండి.

మీ తాత
తిరుపతి