పల్లీ ముక్కు మీద ఎరుపు

చిన్నూ,

నిన్న వీడియో కాల్‌లో "తాతా, పల్లీ ముక్కులోంచి రక్తం వస్తోంది, చచ్చిపోతుందా?" అని ఒకటే ఏడుపు. నేనేం చెప్పినా నీ చెవికి ఎక్కలేదు. అందుకే తీరిగ్గా రాస్తున్నా.

అది రక్తం కాదు నాన్నా. మన పల్లీ జెర్బిల్, అంటే ఎలుకలాంటి చిన్న ఎడారి ప్రాణి. దాని కంటి వెనక ఒక గ్రంథి ఉంటుంది. అందులో ఊరే నీరు ఎర్రగా ఉంటుంది. అది ముక్కు దాకా దిగుతుంది, జెర్బిల్ దాన్ని ముందుకాళ్లతో తుడిచి ఒంటికి రాసుకుంటుంది, మీ అవ్వ తలకు నూనె రాసుకున్నట్టు. బెదిరినా, గూట్లో చెమ్మ చేరినా ఆ నీరు ఎక్కువ ఊరుతుంది. ముక్కు చుట్టూ కుంకుమలా పేరుకుని దురద పెడుతుంది. గోకిగోకి వెంట్రుకలు ఊడితే పుండు పడుతుంది.

మన వంటింట్లో ఉప్పు జాడీ గుర్తుందా? వానాకాలం దాని మూత తెరిచి పెడితే అవ్వ ఎలా కేకలేసేదో! పల్లీని, దాని జోడీ బెల్లాన్ని రెండు ఉప్పు జాడీలనుకో. వాటి జాతిది మంగోలియా ఎడారి. మీది హ్యూస్టన్. అక్కడున్న ఆరు నెలలూ నా చొక్కా ఒక్కపూటా పొడిగా లేదు. గాలిలో తేమ యాభై శాతం దాటితే వాటికి పడదు. కాబట్టి జాడీలో తడిచెయ్యి పెట్టకూడదు, అంటే నీళ్ల సీసా కారకూడదు. జాడీ అడుగు తుడవాలి, అంటే గూట్లో పరిచిన పొట్టు తడిస్తే తీసేయాలి. దేవదారు పొట్టు వెయ్యొద్దు, ఆ ఘాటు వాటి ముక్కును మండిస్తుంది. ఒక గిన్నెలో మెత్తటి పొడి ఇసుక పెట్టు, దొర్లి ఒళ్లు శుభ్రం చేసుకుంటాయి. వారంలో తగ్గకపోయినా, పుండు చీము పట్టినా డాక్టరు దగ్గరికే.

ఇక మూర్ఛ. కొత్తచోట దించినా, ఎత్తుకున్నా కొన్ని జెర్బిళ్లు ఉన్నట్టుండి బిగుసుకుపోయి వణుకుతాయి. ఉప్పుకి మూర్ఛ రాదు గనక జాడీని ఇక్కడితో అటకెక్కిస్తున్నా. అలా జరిగితే గూట్లో మెల్లగా దించి, లైటు తగ్గించి, దూరంగా కూర్చో. చాలావాటికి కాసేపట్లో అదే సర్దుకుంటుంది. నోట్లో నీళ్లు మాత్రం పొయ్యొద్దు.

తోక పట్టుకుని ఎత్తొద్దని నీకు ఎందుకు అన్నిసార్లు చెప్పానో తెలుసా? నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు మా చేనిగట్టు మీద ఒక రకం ఎలుకలుండేవి. పొడుగు తోక, కొసన నల్లటి కుచ్చు, కప్పలా గెంతేవి. అవీ జెర్బిళ్లేనని పెద్దయ్యాకే తెలిసింది. వేరుశనక్కాయలు కలుగుల్లో దాచేవి, మేం తవ్వి కాయలు తీసుకునేవాళ్లం. దొంగలెవరో నువ్వే చెప్పు! ఒకరోజు పరిగెత్తే ఎలుక తోక పట్టుకున్నా. ఎలుక పోయింది, తోక తోలు నా వేళ్లలో మిగిలింది. ఆ రాత్రి అన్నం సయించలేదు. ఆ తోలు మళ్లీ రాదు చిన్నూ. లోపలి ఎముక ఎండి రాలిపోతుంది.

ఒక్క జబ్బుకి మాత్రం నువ్వు భయపడాలి. ఒళ్లు ముడుచుకుని, బొచ్చు రేగి, తిండి మానేసి, వెనకభాగం తడిగా కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు. టైజర్స్ అనే జబ్బు కావచ్చు. అది ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం తీస్తుంది. రెండోదాన్ని వెంటనే వేరే గూట్లో పెట్టి, అమ్మని లేపు. అక్కడ చిన్న ప్రాణుల్ని చూసేవాళ్లని ఎగ్జాటిక్ వెట్ అంటారట, ఆ నంబరు ఇప్పుడే ఫ్రిజ్ మీద అంటించు. ఊపిరిలో టిక్కుటిక్కుమన్నా, తల ఒక పక్కకి వాలిపోయినా అదే నంబరు.

మందు మాత్రం నన్నడగొద్దు. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా ఎద్దులకి పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్ కలిపిన సూదులు లెక్కలేనన్ని వేశాను. ఆ స్ట్రెప్టోమైసిన్ జెర్బిల్‌కి విషం. నాలుగొందల కిలోల ఎద్దుకి మందు తెలిసినవాడికి డెబ్బై గ్రాముల పల్లీకి తెలియాలని లేదు. మీ నాన్న అడిగినా అదే చెప్పాను.

నువ్వు చేయాల్సింది ఇదీ. అవి నొప్పిని బయటపెట్టవు, గద్దకి అలుసవుతామని వాటి భయం. అందుకని ప్రతి ఆదివారం అమ్మ వంటింటి త్రాసు మీద డబ్బా పెట్టి తూచి, నోటుబుక్కులో రాయి. బరువు తగ్గుతూ ఉంటే కంటికి తెలియకముందే అంకెకి తెలుస్తుంది. ముందుపళ్లు పొడుగ్గా పెరిగాయా చూడు, నమలడానికి చెక్క ముక్క వెయ్యి. మగవాటి పొట్ట మధ్యన బొచ్చులేని పసుప్పచ్చటి మచ్చ ఉంటుంది, అది మామూలే, జబ్బు కాదు. ముసలితనంలో అది గడ్డ కడితే చూపించాలి.

ఇంకోటి. ఆ ఎరుపును తడి దూదితో మెల్లగా అద్ది తియ్యి. పల్లీని గూట్లో వదిలేసి, దూదిని చీకటిగదికి తీసుకెళ్లు. మీ నాన్న దొడ్లో తేళ్లు వెతికే ఊదారంగు టార్చి ఉందిగా, అది వేసి చూడు. కళ్లలోకి మాత్రం కొట్టొద్దు. దూది తెల్లగానో నీలంగానో మెరవొచ్చు, దాన్ని పట్టించుకోకు. మరక ఏ రంగులో వెలిగిందో నాకు రాయి, రక్తమైతే వెలగదు.

మీ తాత