సిమ్యులేటర్ గంటలు లాగ్‌బుక్‌లోకి ఎక్కుతాయా? అపోహలు – వాస్తవాలు

2022లో ఒడిశాలోని జయపురం నుంచి చిన్న విమానాలు మొదలైన తరువాత కొరాపుట్, రాయగడ, బరంపురం వైపు తెలుగు కుటుంబాల నుంచి ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్‌నైన నాకు ఫోన్లు పెరిగాయి. అడిగేది దాదాపు ఒకటే: సిమ్యులేటర్ గంటలు లాగ్‌బుక్‌లోకి, అంటే పైలట్ విమానం నడిపిన గంటలు నమోదు చేసే పుస్తకంలోకి, ఎక్కుతాయా అని.

అపోహ: కంప్యూటర్ సిమ్యులేటర్ మీద ఎన్ని గంటలు నడిపితే సీపీఎల్‌కు (కమర్షియల్ పైలట్ లైసెన్సుకు) కావలసిన 200 గంటల్లో అన్ని తగ్గుతాయి.

వాస్తవం: తగ్గవు. సీపీఎల్‌కు డీజీసీఏ (దేశ పౌర విమానయాన నియంత్రణ సంస్థ) అడిగే 10 గంటల ఇన్‌స్ట్రుమెంట్ శిక్షణలో, అంటే మీటర్లు మాత్రమే చూస్తూ నడిపే శిక్షణలో, 5 గంటల వరకు మాత్రమే సిమ్యులేటర్ చెల్లుతుంది, అదీ డీజీసీఏ ఆమోదించిన యంత్రమైతేనే. పైలట్ ఇన్ కమాండ్‌గా (విమానం బాధ్యత తనదిగా) 100 గంటలు, 300 నాటికల్ మైళ్లకు తగ్గని క్రాస్‌కంట్రీ (ఒక విమానాశ్రయం నుంచి మరో చోటికి ప్రయాణం), రాత్రి టేకాఫ్‌లు, ల్యాండింగులు అన్నీ నిజమైన విమానంలోనే పూర్తి కావాలి. ఆమోదం లభించేది యంత్రానికే కాని, దుకాణంలో కొన్న సాఫ్ట్‌వేర్‌కు కాదు. బరంపురంలో పట్టుచీరల దుకాణం నడిపే ఒకాయన కొడుకు కోసం అప్పు చేసి, ఒక కోచింగ్ సెంటర్ ఇచ్చిన ‘వంద గంటల’ సర్టిఫికెట్ తెచ్చి, “ఇది లాగ్‌బుక్‌లో రాయించవచ్చు కదండీ?” అని అడిగారు. రాయకూడదని, తప్పుడు నమోదు బయటపడితే లైసెన్సుకే ముప్పని చెప్పవలసి వచ్చినప్పుడు ఆయన ముఖం చూడలేకపోయాను. ఇలాంటి సర్టిఫికెట్లు అమ్మేవారి మీద నాకు ఏమాత్రం సహనం లేదు. ఫీజు కట్టే ముందు ఆ యంత్రానికి డీజీసీఏ ఇచ్చిన ఆమోదపత్రం చూపించమనండి, దాని గడువు కూడా చూడండి. చూపించకపోతే లేచి వచ్చేయండి.

అపోహ: అలాగైతే ఇంట్లో సాధన శుద్ధ దండగ.

వాస్తవం: చెక్‌లిస్టు, రేడియో సంభాషణల క్రమం, మీటర్ల మీద చూపు తిప్పే పద్ధతి అలవడతాయి. అయితే తెర ముందు పెరిగిన విద్యార్థులు బయటి క్షితిజరేఖను వదిలి మీటర్లకే కళ్లు అప్పగిస్తారు. అలాంటి ఒక అబ్బాయికి మీటర్లను కాగితంతో కప్పి ల్యాండింగ్ నేర్పించాను. స్టాల్‌కు (రెక్కలు విమానాన్ని పైకి నిలిపే శక్తి కోల్పోవడానికి) ముందు కంట్రోళ్లలో వచ్చే సడలింపును జాయ్‌స్టిక్ చెప్పలేదు.

అపోహ: ఎయిర్‌లైన్ సిమ్యులేటర్ కూడా పెద్ద వీడియోగేమే.

వాస్తవం: కాదు. ఎయిర్‌లైన్లు వాడే అత్యున్నత స్థాయి సిమ్యులేటర్ అయిన లెవెల్ డీ యంత్రం ఆరు విధాలుగా కదులుతుంది. టేకాఫ్‌లో క్యాబిన్‌ను వెనక్కు వంచితే భూమ్యాకర్షణే వేగం పెరుగుతున్న భ్రమ కలిగిస్తుంది. టైప్ రేటింగ్ (ఒక నిర్దిష్ట రకం విమానం నడిపే అర్హత) శిక్షణ ప్రధానంగా అక్కడే జరుగుతుంది, కాని లైసెన్సు చేతికి వచ్చాక.

అపోహ: సిమ్యులేటర్‌లో కళ్లు తిరిగిన పిల్లవాడు పైలట్ కాలేడు.

వాస్తవం: తెర కదులుతుండగా శరీరం కదలకపోతే అలా జరగవచ్చు, భయపడకండి. అర్హత తేల్చేది డీజీసీఏ వైద్య పరీక్ష. అడ్మిషన్ డబ్బు కట్టకముందే క్లాస్ 2 మెడికల్ (ఆ వైద్య పరీక్షల్లో మొదటి దశ) చేయించండి.