హద్దు లోపలి తేడా

బ్యాడ్మింటన్‌లో షటిల్ వేగాన్ని పరీక్షించడానికి నియమావళి ఒక పద్ధతి చెబుతుంది. ఆటగాడు కోర్టు వెనుక గీత దగ్గర నిలబడి, షటిల్‌ను కింది నుంచి పైకి, పక్క గీతలకు సమాంతరంగా పూర్తి బలంతో కొట్టాలి. అవతలి వెనుక గీతకు కనీసం 530 మిల్లీమీటర్లు, గరిష్ఠంగా 990 మిల్లీమీటర్లు ఇవతల అది పడితే దాని వేగం సరిగా ఉన్నట్టు లెక్క. అంటే 46 సెంటీమీటర్ల వెడల్పున్న పట్టీలో ఎక్కడ పడినా అది మంచి షటిలే. కానీ షటిల్ గీత లోపల పడిందా, బయట పడిందా అన్నది అంగుళాల్లో తేలే ఆటలో, ఆ పట్టీకి ఈ కొసన పడే షటిల్, ఆ కొసన పడే షటిల్ ఒకటే అని ఆటగాళ్లు ఎవరూ ఒప్పుకోరు. హద్దు లోపల ఉంటే సరిపోతుందా అన్న ఈ సందేహానికి ఇంజినీరింగ్‌లో దాదాపు నూరేళ్ల చరిత్ర ఉంది.

అంతకు ముందు కర్మాగారాల పద్ధతి సూటిగా ఉండేది. ప్రతి భాగానికీ ఒక కింది హద్దు, ఒక పై హద్దు పెట్టేవారు. గేజ్‌తో చూసి హద్దుల్లో ఉన్నదాన్ని పంపించేవారు, లేనిదాన్ని తుక్కులో వేసేవారు. దీనివల్ల చెడ్డ సరుకు కొనుగోలుదారు చేతికి పోకుండా ఆగేది గాని, అది ఎందుకు తయారైందో తెలిసేది కాదు. చికాగో దగ్గరి హాథార్న్‌లో టెలిఫోన్ పరికరాలు తయారుచేసే వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేస్తున్న వాల్టర్ షూహార్ట్ 1924 మే 16న తన పై అధికారికి ఒక్క పేజీ నోటు పంపాడు. నియంత్రణ పటం అని తర్వాత పేరొచ్చిన బొమ్మ మొదట కనిపించింది అందులోనే. మధ్యలో సగటు, దానికి అటూ ఇటూ మూడేసి ప్రామాణిక విచలనాల (విలువలు సగటు నుంచి మామూలుగా ఎంత దూరం పోతాయో చెప్పే కొలత) దూరంలో రెండు గీతలు: చూడటానికి అంతే. అయితే ఆ గీతల మధ్య ఊగే హెచ్చుతగ్గులు ఏ యంత్రానికైనా సహజంగా ఉండేవని, గీత దాటినప్పుడు మాత్రమే వెతికి పట్టుకోదగిన కారణం ఉండవచ్చని ఆయన విడదీసి చెప్పాడు. ఎప్పుడు కల్పించుకోవాలో చెప్పినంత స్పష్టంగా, ఎప్పుడు చేతులు కట్టుకుని కూర్చోవాలో కూడా ఆ పటం చెబుతుంది. నా దృష్టిలో ఆ రెండో మాటే గొప్పది. నిలకడగా నడుస్తున్న యంత్రాన్ని, ప్రతి వస్తువులో వచ్చిన తేడాకు సరిపడా వెనక్కి తిప్పుతూ పోతే విస్తృతి (సగటు నుంచి తేడాల వర్గాల సగటు) తగ్గకపోగా రెట్టింపవుతుందని గణితం చూపిస్తుంది. రెండు ఇన్నింగ్స్ సరిగా ఆడకపోతే బ్యాట్స్‌మన్ చేత పట్టు మార్పించే కోచ్ చేసేదీ దాదాపు ఇదే.

షూహార్ట్ ఆలోచనను 1950లో అమెరికా గణాంకవేత్త ఎడ్వర్డ్స్ డెమింగ్ జపాన్ ఇంజినీర్లకు బోధించిన సంగతి చాలామందికి తెలుసు. అంతగా తెలియనిది భారతదేశం పాత్ర. గణాంకవేత్త ప్రశాంతచంద్ర మహలనోబిస్ ఆహ్వానం మీద షూహార్ట్ 1947–48లో స్వయంగా ఇక్కడికి వచ్చాడు. 1954–55లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో గడిపిన మరో అతిథి జపాన్ ఇంజినీర్ గెనిచి తగుచి. ఆయన తర్వాత తన పద్ధతికి పనిముట్లుగా వాడుకున్న ఆర్థోగొనల్ అర్రేలను (ఏ ప్రయోగంలో ఏ అంశం ఏ స్థాయిలో ఉండాలో సమతూకంగా చూపే పట్టికలను) 1947లో ప్రతిపాదించినవాడు అదే సంస్థలోని సి.ఆర్. రావు. తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా చేరిన ఆయన చూపిన దారి ఇది: ఒక్కొక్కటి రెండు స్థాయుల్లో మారే ఏడు అంశాలను అన్ని విధాలా కలిపి చూడాలంటే 128 ప్రయోగాలు కావాలి, జాగ్రత్తగా ఎంచుకున్న ఎనిమిదింటితోనే ఒక్కో అంశం ప్రధాన ప్రభావాన్ని విడిగా అంచనా వేయవచ్చు, కాకపోతే అంశాలు ఒకదానితో ఒకటి చిక్కుపడవని అనుకోవాలి.

తగుచి పేరుతో పాటు ఎప్పుడూ చెప్పే ఉదాహరణ ఇనా టైల్ కంపెనీది. 1953లో ఆ కంపెనీ కొలిమి లోపల వేడి అన్నిచోట్లా ఒకేలా ఉండక, పెంకులు పెట్టిన చోటును బట్టి పెద్దవీ చిన్నవీ అయ్యేవి. కొలిమిని మార్చడానికి చాలా ఖర్చవుతుంది. అందుకని ఇంజినీర్లు వేడి తేడాను అలాగే వదిలేసి, మట్టి మిశ్రమంలోని పాళ్లను మార్చి మార్చి చూశారు. సున్నాన్ని 1 శాతం నుంచి 5 శాతానికి పెంచితే, కొలిమి ఎంత తేడాగా కాలినా పెంకు పరిమాణం పెద్దగా మారలేదు. కారణాన్ని తొలగించలేనప్పుడు వస్తువే దాన్ని పట్టించుకోకుండా చేయడమన్న మాట.

హద్దుల సంగతిని తేల్చింది మాత్రం సోనీ టెలివిజన్లు. 1979 ఏప్రిల్‌లో జపాన్ పత్రిక అసాహీ ఒక పోలిక ప్రచురించింది. శాన్‌డియాగో కర్మాగారం నుంచి వచ్చిన సెట్లలో రంగు సాంద్రత హద్దులు దాటినవి దాదాపు లేవు. టోక్యోలో తయారైన వాటిలో వెయ్యికి మూడు దాటాయి. అయినా అమెరికా కొనుగోలుదారులు టోక్యో సెట్లనే మెచ్చారు. ఎందుకంటే అవి ఎక్కువగా లక్ష్యం చుట్టూ గుమిగూడి ఉన్నాయి, శాన్‌డియాగోవి ఈ హద్దు నుంచి ఆ హద్దు దాకా సమానంగా పరుచుకున్నాయి. లక్ష్యం నుంచి దూరం పెరిగేకొద్దీ నష్టం ఆ దూరపు వర్గంలా (దూరం రెట్టింపైతే నష్టం నాలుగింతలుగా) పెరుగుతుందని, హద్దు దగ్గర హఠాత్తుగా మొదలవదని తగుచి వాదించాడు.

ఇప్పుడు ఆటకు వద్దాం. ఆటల్లో పరికరం తేడాలను తగ్గించాలనుకునేది ఆటగాడి తేడా కనపడటానికి. నియమాలు అడిగినట్టు షటిల్‌కు 16 ఈకలు, 4.74 నుంచి 5.50 గ్రాముల బరువు ఉన్నా, వేడి ప్రదేశంలో, ఎత్తైన ఊళ్లో పలచటి గాలిలో అది ఎక్కువ దూరం పోతుంది. పెంకులాగా షటిల్‌ను వాతావరణానికి మొద్దుబార్చడం ఎవరికీ సాధ్యం కాలేదు కాబట్టి వేగాన్ని బట్టి రకాలు చేసి ప్రదేశానికి తగినది ఎంచుకుంటారు. జావెలిన్‌లో కారణం వేరు. 1984లో ఉవే హోన్ 104.80 మీటర్లు విసిరాక మైదానం చాలదేమోనన్న భయం ఒకటైతే, బల్లపరుపుగా పడే బల్లేల్లో ఏది చెల్లుతుందో తేల్చలేని ఇబ్బంది మరొకటి. 1986 నుంచి పురుషుల జావెలిన్ గరిమనాభిని (బరువు సమతూగే బిందువును) 4 సెంటీమీటర్లు ముందుకు జరిపారు. మొన ముందుగా దిగడంతో దూరం తగ్గింది, తీర్పు తేలికైంది.

ఆటగాళ్ల మధ్య తేడాలు కూడా కాలంతో కుంచించుకుపోతాయని హార్వర్డ్ జీవశాస్త్రవేత్త స్టీఫెన్ జే గౌల్డ్ బేస్‌బాల్ లెక్కలతో వాదించాడు. 1941లో టెడ్ విలియమ్స్ 0.406 బ్యాటింగ్ సగటు (బ్యాటింగ్ అవకాశాల్లో హిట్ అయినవాటి వంతు) సాధించిన తర్వాత అమెరికన్, నేషనల్ లీగుల సీజన్లలో ఎవరూ 0.400 దాటలేదు. అందరూ బాగా ఆడటం మొదలయ్యాక మొత్తం సగటు 0.260 చుట్టూనే నిలిచి, దాని నుంచి విస్తరణ తగ్గింది. అందుకే అంత దూరపు శిఖరాలు కనపడకుండా పోయాయని ఆయన వివరణ.

ఒక ఆటగాడి సొంత హెచ్చుతగ్గుల విషయంలో మాత్రం కర్మాగారం లెక్క అన్నిచోట్లా పనికిరాదు. ర్యాలీలో షటిల్‌ను ఇరవైసార్లు సరిగ్గా వేసి ఇరవై ఒకటోసారి వలకు కొట్టినవాడు ఆ పాయింటు పోగొట్టుకుంటాడు. 2024 పారిస్ ఒలింపిక్స్ జావెలిన్ ఫైనల్‌లో నీరజ్ చోప్రా ఆరు ప్రయత్నాల్లో అయిదు ఫౌల్ చేశాడు. చెల్లిన ఒక్క విసురు 89.45 మీటర్లు వెళ్లి రజతం తెచ్చింది. పెంకుల కొలిమి దగ్గర ఆరింటిలో అయిదు పగిలితే ఆ బ్యాచ్‌నే పారేస్తారు. జావెలిన్‌లో లెక్కకు వచ్చేది సగటూ కాదు, విస్తరణా కాదు, అన్నింటికంటే దూరం పోయిన విసురు ఒక్కటే.